ఐషమ్ తాత చీపురు కర్ర

అమెరికాలో, జార్జియా తీరంలోని ఆ ఊళ్లో ఏటా కొత్త సంవత్సరం నాడు, దేవుడి పాట పాడుతూ గుండ్రంగా తిరిగే రింగ్ షౌట్ జరగాలంటే ఐషమ్ తాత కర్ర పలకాల్సిందే. ఆయన పీట మీద కూర్చుని చీపురు కర్రతో చెక్కనేలను పొడుస్తూ తాళం వేస్తేగానీ ఒక్క కాలూ కదలదు. బానిసత్వం నాటి నుంచీ ఆ కర్ర వాళ్ల ఇంటిదే. ఈ ఏడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. కర్ర పట్టే దిక్కు లేకపోతే షౌట్ తనతోనే ఆగిపోతుందన్న బెంగతో ముసలాయనకు తిండి సయించడం లేదు.

మనవరాలు వెర్డెల్ సవానా నగరంలో రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తుంది. ఆ మాటెత్తితేనే ఆయనకు ఒళ్లుమంట.

"నేను కొడతాలే తాతా," అంది వెర్డెల్.

"డబ్బాలు బాదేదానివి, నీకెందుకే? ఇది దేవుడి పని!"

"ఆ డబ్బాల మీద నేను బాదేది నీ తాళమే. రేడియోలో వచ్చే పాటల్లో సగం మన నేల చప్పుడే. నువ్వు చెవులు మూసుకుంటే నేనేం చేసేది?"

పాట ఎత్తుకునే ఒటీలియా బుగ్గలు నొక్కుకుంది. "ఆడపిల్ల కర్ర పట్టడమా? కనలేదమ్మా, వినలేదు!"

"ఇప్పుడు కందువుగాని, విందువుగాని, అత్తా!"

గత్యంతరం లేక తాత కర్ర ఇచ్చాడు. కొత్త సంవత్సరం నాటి మధ్యాహ్నం చర్చి పక్క హాల్లో ఒటీలియా పాట ఎత్తుకుంది. వెర్డెల్ దడదడా మొదలుపెట్టింది.

"ఏం తొందరే? తిరిగేవాళ్ల కాళ్లు చూసి కొట్టు!" అని కసిరాడు తాత.

ఆమె చూసింది. తాళం కుదిరింది. తాత చెవొగ్గి విన్నాడు. అది తన తండ్రి వేసిన తాళమే, పైన ఆ పిల్ల తన కొసరు కూడా వేస్తోంది. "అమ్మ దొంగా!" అనుకున్నాడు తాత. కళ్లు చెమర్చాయి, ఛాతీ పొంగింది. తన కర్ర తాళమే సవానా దాకా వెళ్లి, కుర్రకారును ఊపి, ఇంకా బలిసి ఇంటికొచ్చింది.

ఇన్నేళ్లూ పీట మీద కూర్చుని అందరినీ తిప్పాడే తప్ప, ఆయన ఒక్కసారీ వలయంలోకి దిగలేదు. గోడ పట్టుకుని లేచాడు.

"ఐషమ్, కాలు నేల విడిస్తే అది నాట్యమైపోతుంది, పాపం సుమా!" అంది ఒటీలియా.

"లేస్తే కదా ఈ చచ్చిన కాలు!" అని నవ్వి, కుడికాలు ఈడ్చుకుంటూ జనంలో కలిశాడు.

ఆయన్ని చూసి వెర్డెల్ తాళం నెమ్మది చేసింది.

"తగ్గించకే! మన ఇంటి కర్ర అది, గట్టిగా పొడువే!" అని తాత అరిచాడు.

ఆమె పొడిచింది. తాత తిరిగాడు.