గరుసు గుంతకు పెట్టిన ఇంజను

ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్లకు పోయే దారిని వెడల్పు చేసే పని ఎనభై రెండులో మొదలైంది. దారికి పరిచే గరుసు కోసం కంట్రాక్టరు వంక పక్కనున్న బీడును కౌలుకు తీసుకొని తవ్వించాడు. రెండు నిలువుల లోతుకు పోయేసరికి ఊట తగిలింది. గుంతలో నీళ్లుంటే గరుసు ఎత్తడానికి కుదరదు. అందుకని రెండు డీజిల్ ఇంజన్లు పెట్టి, రాత్రనక పగలనక నీళ్లు తోడించి వంకలోకి వదిలాడు.

గుంతకు ఎగువన ఈరన్న, చౌడమ్మల మిరపతోట ఉంది. దిగువన ఈరన్న అన్న తిమ్మప్ప చేను. మిరప పిందె పడుతున్న రోజుల్లో ఈరన్న బావి అడుగంటింది. బావి మీది ఇంజను నీళ్లకు బదులు బురద పీల్చసాగింది. అదే సమయంలో, జొన్న, కొర్ర తప్ప ఎరగని తిమ్మప్ప చేను పక్కన వంక నిండుగా పారింది. తిమ్మప్ప వంకకు అడ్డంగా కట్టవేసి, నీళ్లు మళ్లించి, వరి నాటాడు. నాటినప్పటి నుంచి తెల్లచొక్కా తొడిగి గట్టు మీద తిరగడం మొదలుపెట్టాడు. ఎవరన్నా అడిగితే, "దేవుడిచ్చినాడప్పా" అనేవాడు. ఇంజన్లలో డీజిల్ పోసేది కూడా దేవుడే అన్నట్టు.

చౌడమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకొని గుంత దగ్గరికి పోయింది. కంట్రాక్టరు కుర్చీలో కూర్చొని టీ తాగుతున్నాడు.

"మీ బాయి పాతదమ్మా. వానల్లేక ఎండిపాయ. నా గుంత యాడ, మీ బాయి యాడ?"

"నీ నీళ్లు వేరే, మా నీళ్లు వేరే అనేకి బూమి లోపల గోడేమన్నా కట్టినావా సామీ?"

కంట్రాక్టరు ఈరన్న వైపు తిరిగాడు. "ఏమప్పా, మీ ఇంట్లో నోరుండేది ఈమెకేనా?"

ఈరన్న చిన్నగా నవ్వాడు. కంట్రాక్టరు మాట కన్నా ఆ నవ్వే చౌడమ్మను ఎక్కువ కాల్చింది.

ఆమె అర్జీ పెట్టించింది. చాన్నాళ్లకు ఆదోని నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చి బావిలోకి తొంగిచూశాడు. ఎవరూ పిలవకుండానే తిమ్మప్ప ముందుకొచ్చాడు.

"ఈ బాయి ఏటా ఎండుతాది సార్. మా నాయన కాలం నుంచీ ఇంతే."

వాళ్ల నాయన ఆ బావి అడుగును కంటితో చూడకుండానే పోయాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆఫీసరు ఈరన్నను అడిగాడు: "నిజమేనా?"

ఈరన్న అన్న మొహం చూసి, "అన్న సెప్పినాక ఇంగేముండాది సార్" అన్నాడు.

ఆఫీసరు కంట్రాక్టరు షెడ్డులో కోడికూర తిని, చేతులు తుడుచుకొని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక చౌడమ్మ మొగుడితో అంది: "ఆ ఆఫీసరుకు కోడికాలన్నా దొరికె. నీకేం దొరికెనని తలూపితివి?"

మిరప నిలువునా వడబడి పోయింది. చౌడమ్మ ఎమ్మిగనూరులో శనక్కాయల మిల్లుకు కూలికి పోసాగింది. ఈరన్న మాత్రం అన్న మడిలో కలుపుకు పోయాడు.

"ఒక కడుపున పుట్టినోళ్లం. పిలిస్తే పోకుంటే బాగుంటాదా?"

"పో. నీ బాయిలో నీళ్లే కదా ఆడుండేది. కాళ్లన్నా తడుపుకొనిరా."

ఉగాదికి ముందు దారి పని అయిపోయింది. కంట్రాక్టరు ఇంజన్లు లారీకెక్కించాడు. వరి అప్పుడే పొట్టకొచ్చింది. తిమ్మప్ప తెల్లచొక్కాతోనే లారీకి అడ్డం పోయి చేతులు జోడించాడు.

"ఒక్క ఇంజనన్నా ఉంచు సామీ. కంకి గట్టిపడేదాకా."

"నీ వరి కోసమా నేను నీళ్లు తోడింది?" అన్నాడు కంట్రాక్టరు. లారీ దుమ్ములేపుకుంటూ పత్తికొండ పనికి వెళ్లిపోయింది.

వంక ఎండింది. గుంతలో ఊట నిండసాగింది. దానితో పాటే చౌడమ్మ బావిలోనూ కొద్దికొద్దిగా నీళ్లెక్కాయి. ఆమె రోజూ పనికి పోయేముందు ఒకసారి తొంగిచూసి పోయేది.

అలాంటి ఒక సాయంత్రం తిమ్మప్ప వాకిట్లోకొచ్చాడు. ఈరన్న ఇంజను ఇస్తే గుంతకు పెట్టుకుంటానన్నాడు.

"గుంత తోడితే మా బాయి మళ్లా ఎండుతాది బావా."

"అదెట్ల ఎండుతాదిలేమ్మా?"

"ఏటా ఎండుతాదని ఆఫీసరుకు సెప్పి, ఇప్పుడు ఎండదని మాకు సెప్తాండావా? పదిమందిలో నిలబడి, ఆ పొద్దు అబద్ధం సెప్పినానని అను. ఇంజను తీస్కపో."

తిమ్మప్ప కండువా దులిపి, తమ్ముడి వైపొకసారి చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు చౌడమ్మ మిల్లు నుంచి వస్తుంటే గుంత వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. అది తన ఇంజనే. ఎన్నో ఏళ్లుగా విన్న చప్పుడు. తోటలోకి పోయి చూస్తే ఇంజను షెడ్డు ఖాళీగా ఉంది. బావిలో పొద్దున చూసిన నీళ్లు తగ్గి, తడి గీత పైన మిగిలింది.

గుంత గట్టు మీద అన్నదమ్ములిద్దరూ కూర్చొని బీడీలు తాగుతున్నారు. ఆమెను చూసి ఈరన్న లేచి నిలబడ్డాడు.

"రెండు దినాలే. అన్న బతిమాలితే..."

చౌడమ్మ అరవలేదు. గుంతలోకి దిగి ఇంజను ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో నెమ్మదిగా అంది:

"కంట్రాక్టరు పరాయోడు. వాడు మన బాయి ఎండబెట్టినాడంటే అర్థముండాది. ఈయప్ప ఆశపడినాడు, దానికీ అర్థముండాది. నీ బాయిని నీ ఇంజనుతోనే ఎండబెట్టుకునేవాణ్ణి నేను యాడా సూడలేదు. బండి కట్టు."

"వరి పోతాదమ్మా!" అన్నాడు తిమ్మప్ప.

"మా మిరప పోయినప్పుడు నీకు పండగ."

ఈరన్న ఇద్దరి మధ్యా కాసేపు నిలబడ్డాడు. తర్వాత తల వంచుకొని పైపు విప్పాడు. అది భార్య మీది ప్రేమా, భయమా, అతనికీ తెలియదు. ఎదురుగా నిలబడి ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వినే మనిషి.

వరి తాలుపోయింది. కోసి పశువులకు వేశారు. తిమ్మప్ప పెండ్లాం లక్ష్మక్క ఏడ్చుకుంటూ తాగేనీళ్లకు వస్తే చౌడమ్మ తనే బిందె నింపి తలకెత్తింది. ఆమెతో ఏ పేచీ లేదు. వానలు పడ్డాక బావి మునుపటి మట్టానికి నిండింది. మిరప మళ్లీ నాటారు.

ఆ ఏడు పీర్ల పండగకు ఊరంతా నిప్పుల గుండం చుట్టూ చేరినప్పుడు తిమ్మప్ప బంధువులకు కథ చెబుతున్నాడు. తనే కంట్రాక్టరుకు ఎదురు తిరిగాడట. లారీకి అడ్డం నిలబడి గుంత మూయించాడట. ఈరన్న పక్కనే కూర్చొని తలూపుతున్నాడు.

చౌడమ్మ ఆగి వింది.

"మా బాయి ఎండె, నీ వరి ఎండె, వంకా ఎండె" అంది. "నీ నోరొక్కటే ఎండలేదు బావా."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఈరన్న ముందు అన్న మొహం చూశాడు, తర్వాత భార్య మొహం చూశాడు, చివరికి తనూ నవ్వాడు. చౌడమ్మ ఆ నవ్వు చూడటానికి అక్కడ నిలబడలేదు.