నిచ్చెన కింద

ఎండకి చీజ్ కరిగిపోతుందేమో, రొట్టె మెత్తబడితే పిల్ల అసలు ముట్టదు, అయినా ఎప్పుడు ముట్టింది గనక, అనుకుంటూ ఫెన్నా భుజానున్న సంచిని నీడవైపు తిప్పుకుంది, ముందు నడుస్తున్న కూతురు ఇమ్కె ఆగలేదు, ఈ వేడిలో ఉన్ని కోటు, దానిలో పదహారేళ్ల పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదటి షికారు, మ్యూజియానికి వెళ్దామమ్మా అని తనంతట తానే అడిగింది, అడిగిందన్న సంబరంలో ఎందుకని తను అడగలేదు, పాత ఇళ్లూ పాత పడవలూ తెచ్చి నిలబెట్టిన ఈ మైదానంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత నడకో ఇప్పుడు కాళ్లు చెబుతున్నాయి, పిల్లకి అది ముందే తెలుసు, తిండి మాట మీరు ఎత్తకండి అంది డాక్టరమ్మ, ఎత్తకపోతే ఆ ఇంట్లో ఇంకే మాట మిగిలింది, ఆకలేస్తే అదే తింటుందిలే, అలుసిస్తే నెత్తికెక్కుతుంది అంటాడు మొగుడు వౌటర్, నెత్తికెక్కడానికి దానిలో బరువేదీ.

గాలిమర దగ్గరికి వచ్చేసరికి రెక్కలు కదలడం లేదు, పల్లపు పొలాల నీళ్లు తోడి కాలవలోకి ఎత్తిపోసిన మర, ఎత్తడానికి ఇవాళ ఓపిక లేనట్టు నిలబడి ఉంది, గాలి లేదమ్మా, ఏం చేస్తాం, కూర్చోవడమే, అన్నాడు మర నడిపే గెర్బెన్, చెక్కచెప్పులు విప్పేసి బల్ల మీద కూర్చుని, చేత్తో తోయకూడదా అని ఫెన్నా అంటే, మా ఆవిడా అదే అంటుంది, మీరిద్దరూ వచ్చి తోయండి, నేను మజ్జిగ తాగుతుంటా, అని నవ్వి, ఇంకో గ్లాసు నింపి ఇమ్కె వైపు చాపాడు, నువ్వూ తాగు అమ్మాయ్, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు, ఇమ్కె నవ్వింది, వద్దండీ, ఇప్పుడే తిన్నాను, ఎంత ఒద్దికగా అబద్ధమాడింది, పైకెక్కి చూడొచ్చా అంది.

లోపల చీకటి, నిటారుగా నిచ్చెన, పట్టుకోవడానికి పక్కన తాడు, ఇమ్కె ఎక్కింది, దిగింది, బాగుందా అంటే ఊ అంది, ఇంకోసారి చూసొస్తా, మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కుతోంది, పైన చూడ్డానికి ఏముంది, ఒక ఇరుసూ రెండు దుంగలూ, అప్పుడు తెలిసింది ఫెన్నాకి, పిల్ల మరకోసం రాలేదు, నిచ్చెనకోసం వచ్చింది, ఒంట్లో మిగిలిందేదో అదీ కరిగించుకోవడానికి, దొంగ, అమ్మని పక్కన పెట్టుకునే, దిగవే అని అరవాలి, అరిస్తే ఇంకా ఎక్కుతుంది, బతిమాలితే తలుపేసుకుంటుంది, చిన్నప్పుడు ఈ చేతులతోనే అట్లు పోసి పాకం వేస్తే మూతికంతా పూసుకుని ఇంకోటి అని పళ్లెం చాపేది, ఏ రోజున ఆ పళ్లెం వెనక్కి తీసిందో తను చూసుకోనేలేదు, పైన చప్పుడు ఆగింది.

నిచ్చెన మధ్యలో ఇమ్కె, తాడు పట్టుకున్న చేయి తెల్లబడింది, మోకాళ్లు గడగడ వణుకుతున్నాయి, గెర్బెన్ లోపలికొచ్చి, కిందికి చూడకు తల్లీ, మెట్లవైపే మొహం పెట్టు, అమ్మ అందుకుంటుంది, అన్నాడు, ఫెన్నా రెండు మెట్లెక్కి చేతులు చాపి మడమ పట్టుకుంది, ఒకదానిమీద ఒకటి మూడు జతల మేజోళ్లు, వాటి కింద ఎముక, ఇదిగో మెట్టు, పెట్టు, ఇంకోటి, అమ్మా ఆపలేకపోతున్నా, అంది ఇమ్కె గోడతో చెబుతున్నట్టు, వణుకా, అదే తగ్గుతుందిలే, అంది ఫెన్నా, వణుకు కాదమ్మా, ఇది, ఈ ఎక్కడం, తినకపోవడం, చాలు అని నేనూ అంటున్నా, వినడం లేదు, ఎవరు వినడం లేదే, ఏమో, నేనే.

ఫెన్నా చేయి మడమ మీదే ఉండిపోయింది, ఇన్నాళ్లూ బతిమాలింది, తిట్టింది, స్నానాలగది గొళ్లెం ఊడదీయించింది, అంతా పిల్ల కావాలనే చేస్తోందని, మనసు మార్చుకుంటే రేపే మానేయగలదని, అందుకే ఎదురుగా నిలబడి పోట్లాడింది, ఎవరితో, ఈ వణికే పిల్లతో, పగ్గం దీని చేతిలో లేదు, ఎన్నడూ లేదు, తను కింద నిలబడి పడుతున్న భయమంతా ఇది పైన ఒక్కతే పడుతోంది.