జేబు మూత అట్టలు

పిన్ని వేలిలో సూది దిగింది. ఆకుపచ్చ చొక్కా మీద రక్తం బొట్టు పడింది. మా షెడ్డు యజమాని కెప్టెన్ ఆ చొక్కాని రెండు వేళ్లతో ఎత్తి అందరికీ చూపించాడు.

"ఇది సైన్యం తొడుక్కునే బట్ట. నీ కళ్లు పోయాయమ్మా. ఈ వారంతో మానెయ్."

కాజాల పిన్ని లేచి నిలబడింది. చొక్కాలకి కాజాలు కుట్టేది ఆమే కాబట్టి ఆ పేరు. ఏడాదిగా సూదిలోకి దారం పక్కవాళ్లతో ఎక్కించుకుంటోంది. ఆ సంగతి ఆయన కంట పడకుండా మేమంతా దాస్తూ వస్తున్నాం.

"మానేస్తాను సార్. మరి నా పెన్షన్ కాగితం?"

"పైకి పంపించాను కదా. పైనుంచి రావాలి."

"మూడేళ్లయింది సార్."

"సర్కారుకి నువ్వొక్కదానివే ఉన్నావా?" అని చొక్కా ఆమె ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు. రక్తం ఉతికి తెమ్మని దాని అర్థం. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ పూట నోరు మెదపనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ షెడ్డులో ఇరవై ముగ్గురు ఆడవాళ్లం. నేను తప్ప అందరూ చనిపోయిన సిపాయిల భార్యలు. కెప్టెన్ సైన్యంలోంచి దిగిపోయాక, ఆ సైన్యానికే యూనిఫాంలు కుట్టించే కాంట్రాక్టు పట్టాడు. మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. సిపాయి పోతే భార్యకి పెన్షన్ రావాలంటే ఫారం మీద ఆ అధ్యక్షుడి సంతకం ఉండాలి. ఈమె ఫలానావాడి భార్యేనని, మళ్లీ పెళ్లి చేసుకోలేదని ఆయన రాసివ్వాలి. సంతకం కోసం వెళ్లిన ప్రతి మనిషికీ ఆయన ముందుగా ఒక కుట్టు మెషీను చూపించేవాడు. "పెన్షన్ వచ్చేదాకా ఖాళీగా ఎందుకమ్మా, నా దగ్గర కుట్టుకో" అనేవాడు. ఆ దయకి సభల్లో దండలు కూడా వేయించుకున్నాడు మహానుభావుడు.

ఆ ఫారాలన్నీ నింపింది నేనే. నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి, తయారైన చొక్కాల కొలతలు సరిచూసే పని నాకిచ్చారు. అందరూ నన్ను కళ్లజోడు అంటారు. పిన్ని భర్త పందొమ్మిదేళ్లు మంచులో కాపలా కాసి, ఊపిరితిత్తులు పాడు చేసుకుని ఇంటికొచ్చి పోయాడు. ఆయన నంబరు, చేరిన తేదీ, దిగిన తేదీ పొల్లు పోకుండా రాసి, పిన్ని ఫోటో అంటించి, నా చేతులతోనే ఆ ఫారం కెప్టెన్‌కి ఇచ్చాను.

అదే రోజు మధ్యాహ్నం చొక్కాల జేబు మూతలు కొలతకి పొట్టిగా వస్తున్నాయి. తప్పెక్కడుందో చూద్దామని కటింగ్ మాస్టర్ బల్ల దగ్గరికి వెళ్లాను. బట్ట మీద ఒక అట్ట పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత మీద మూతలు కత్తిరిస్తారు. వాడగా వాడగా ఆ అట్ట అంచు అరిగింది. మందపు కాగితాలు రెండు అంటించి చేసిన అట్ట అది. వంచి చూడబోతే పొర విడిపోయింది.

లోపల నా చేతిరాత ఉంది. భర్త పేరు రాసిన గడి సగం, దాని పక్కన ఫోటో సగం. పిన్ని కళ్లు నన్నే చూస్తున్నాయి.

"మాస్టరూ, ఇవెక్కడివి?"

"కెప్టెన్ గారిచ్చినవే. ఆయన ఏ కాగితమూ పారేయరుగా. అంటించి ఇస్తారు, నేను మూత ఆకారానికి కోస్తాను. ఏళ్లుగా ఇంతే." ఆయన ఆ ముక్కని కళ్ల దగ్గరికి తీసుకున్నాడు. కత్తెర బల్ల మీద పెట్టేశాడు. "ఇది మన పిన్ని కదూ? నేనా తల్లీ కోసింది?"

బల్ల కింద డబ్బాలో మరో పది అట్టలున్నాయి. ఒక్కొక్కటే విప్పాం. ఇరవై ఇద్దరి ఫారాలూ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ ఏ ఆఫీసు గడపా తొక్కలేదు.

నేను వెళ్లి మెషీన్ల స్విచ్ కట్టేశాను. ముక్కలన్నీ నేల మీద పరిచాను. ఎవరి ఫోటో వాళ్లు వెతుక్కున్నారు.

"పొరపాటున కలిసిపోయి ఉంటాయి," అంది కాలర్లు కుట్టే అత్త. "ఆయన ఉప్పు తింటున్నాం. తొందరపడి మాటనకండి."

"ఇరవై రెండు పొరపాట్లా అత్తా?" అంది బొత్తాలు కుట్టే అమ్మాయి.

"నీకేం, ఒంటి మనిషివి. ఉన్న పని పోతే నా పిల్లల్ని నువ్వు సాకుతావా?"

"సరే, నోరు మూసుకుని కుడదాం. కళ్లు పోయాక పిన్నిలాగా గెంటించుకుందాం."

మాటా మాటా పెరిగింది. ఇద్దరు ఏడ్చారు. ఇన్నాళ్లూ పక్కపక్కన కూర్చుని ఎవరి ఫారం గురించి వాళ్లే కెప్టెన్‌ని విడిగా బతిమాలుకున్నారని అప్పుడు బయటపడింది. పిన్ని తన ముక్కని వేళ్లతో తడుముతూ కూర్చుంది. తలెత్తి అడిగింది.

"మనందరికీ పెన్షన్ వచ్చేస్తే ఈ మెషీన్ల ముందు ఎవరు కూర్చుంటారే?"

కాలర్ల అత్త లేచి చెప్పులు వేసుకుంది.

ముక్కలన్నీ సంచిలో వేసుకుని సైనిక సంక్షేమ ఆఫీసుకి బయల్దేరాం. సగం దారిలో పోలీసు వ్యాను అడ్డొచ్చింది. కంపెనీ అట్టలు దొంగిలించి, సైన్యం ఆర్డరు ఆపేశామని కెప్టెన్ ఫిర్యాదట. దొంగలం నేనూ మాస్టరూ. మమ్మల్ని వ్యాను ఎక్కించారు. మిగతావాళ్లు పిన్ని చెయ్యి పట్టుకుని వెనకే నడిచొచ్చి స్టేషను గుమ్మంలో నిలబడ్డారు.

స్టేషను రైటర్ జాబితా రాయడానికి కాగితం తీశాడు. "స్వాధీనం చేసుకున్నవి. జేబు మూత అట్టలు, ఇరవై రెండు ముక్కలు."

లాకప్ ఊచల వెనక నుంచి నేనన్నాను: "అలా రాస్తే అవేం ముక్కలో ఎలా తెలుస్తుందండీ? రేపు మేమే మార్చేశామంటారు. ఒక్కోదాని మీద ఏముందో రాయండి."

ఇన్‌స్పెక్టర్‌కి అది సబబుగానే తోచింది. "వివరంగా రాయవయ్యా."

రైటర్ మొదటి ముక్క అందుకుని పైకి చదువుతూ రాశాడు. "ఒకటి. చనిపోయిన సిపాయి భార్య పెట్టుకున్న పెన్షన్ దరఖాస్తు. సిపాయి నంబరు..." నంబరు చివర కత్తెరలో పోయింది. గుమ్మంలోంచి పిన్ని మిగతా అంకెలు అప్పజెప్పింది. "ఫోటో సగం ఉంది. ఇది కెప్టెన్ గారి కంపెనీ..." రైటర్ ఆగాడు. "ఇది మీ సొత్తా సార్?"

మాకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్న కెప్టెన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ముక్కలు నాకిచ్చేసి వీళ్లని వదిలేయండి."

లాకప్ తలుపు తీశారు. "బతికిపోయారు, పొండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మాస్టర్ నా వైపు చూశాడు. నాకు భయంగానే ఉంది, అయినా బయటికి వెళ్లలేదు. ఇద్దరం గోడకి ఆనుకుని కింద కూర్చున్నాం.

"మేం దొంగలమే సార్. జాబితా పూర్తి చేయండి," అన్నాడు మాస్టర్.

ఇన్‌స్పెక్టర్ లాఠీ అందుకున్నాడు. గుమ్మంలో ఒక్కరూ జరగలేదు. కెప్టెన్ లేచాడు గానీ బయటికి పోవడానికి సందు లేదు. పిన్ని బల్ల అంచు తడుముకుంటూ రైటర్ దగ్గరికి వచ్చింది.

"నాకు కళ్లు సరిగ్గా ఆనవు బాబూ. రాస్తున్నారో లేదో తెలియదు. ఇందాకటిలాగా పైకి చదువుతూ రాయండి. రెండోది మా కాలర్ల ఆవిడది."

కాలర్ల అత్త గుమ్మంలోంచి తన భర్త నంబరు గట్టిగా చెప్పింది. వెంటనే బొత్తాల అమ్మాయి తన భర్తది చెప్పింది. ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. రైటర్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ కెప్టెన్ వైపు చూశాడు.

పిన్ని చెయ్యి బల్ల మీదే ఉంది. వేలికి కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది.

రైటర్ తల వంచి, "రెండు" అని చదువుతూ రాశాడు.