సమ్మమ్మ చేసే పని

హనుమకొండ కోర్టు ఆవరణలోని న్యాయసేవా కార్యాలయంలో సమ్మమ్మ కుడిచేతిని కొంగులో దాచుకుని కూర్చుంది. పక్కన భర్త రాజమౌళి, అతని ఒళ్లో కాగితాల సంచి. నర్సంపేట దగ్గరి ఊరి నుంచి పొద్దుటి బస్సులో వచ్చారు.

ఏడాది కిందట పత్తి ఏరి ఆమె ఒంటరిగా ఇంటికి వస్తుంటే, చేను గట్టు మీద ఒకడు మెడలోని పుస్తెలతాడు పట్టి గుంజాడు. ఆమె వదల్లేదు. వాడు కొడవలితో చేతిమీద వేటు వేశాడు. పుస్తెలతాడూ పోయింది, చేతి నరాలూ తెగాయి. దవాఖానలో కుట్లు వేసి ప్రాణం నిలబెట్టారు గానీ మూడు వేళ్లు వంగడం మానేశాయి. పోలీసులు ఎంత వెతికినా వాడు దొరకలేదు. దొంగే దొరకనప్పుడు ఇక అడిగేదెవరినని మొగుడూ పెళ్లాలు ఊరుకున్నారు. ఇలా దెబ్బతిన్నవాళ్ల కోసం సర్కారు నిధి ఒకటుందని, నేరం చేసినవాడు దొరక్కపోయినా సాయం అందుతుందని వాళ్లకు చెప్పింది హారిక. ఈ కార్యాలయం తరఫున ఊళ్లు తిరిగి ఇలాంటి సంగతులు చెప్పడమే ఆ పిల్ల పని.

ఎదురుగా కూర్చున్న హారిక, వాళ్లు రాయించుకొచ్చిన దరఖాస్తు చదువుతూ ఒకచోట ఆగింది.

"బాధితురాలు గృహిణి, సంపాదన లేదు... ఇది ఎవరు రాసిండ్రు పెద్దమ్మా?"

"మా ఊళ్లె సదువుకున్నాయన రాసిండు బిడ్డా. ఏం జేస్తవని అడిగితె ఇంటికాన్నే ఉంటనని చెప్పిన. చేను ఆయన పేరు మీదనే ఉన్నదాయె."

సమ్మమ్మకు అందులో తప్పేమీ కనిపించలేదు. నెల జీతం తెచ్చిన మనిషి కాదు కదా తను.

రాజమౌళి గొంతు సవరించుకున్నాడు. ఠాణాలోనూ దవాఖానలోనూ నోరు విప్పని మనిషి. అన్నిచోట్లా ఆమే మాట్లాడాల్సి వచ్చింది.

"అమ్మా, ఆ మాట కొట్టెయ్యి" అన్నాడు.

"ఏ మాట పెద్దబాపు?"

"సంపాదన లేదన్న మాట. పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేస్తది. రెండు బర్ల పాలు పిండి కేంద్రంల పోసొస్తది. వంటజేసి, సద్ది గట్టి, నాతోని చేన్లకొస్తది. నేను ఇరవై కిలోల పత్తి ఏరితె తను నలభై ఏరుతది." కొంగులో ఉన్న ఆమె చేతివైపు చూశాడు. "ఏరేది."

"ఇంత మంచిగ ఎట్ల యాదికున్నది నీకు?"

"ఏడాది సంది అవన్నీ నేనే చేస్తున్న బిడ్డా. ముప్పై ఏండ్లు కండ్లతోని సూసిన గని, చేస్తె గని ఎర్కగాలె. ఒక్కనాడు గూడ అన్ని ఒడ్వలె, ఏదో ఒక పని మిగిలేది. ఒక బర్రెను గూడ అమ్మేస్తి."

సమ్మమ్మ గిర్రున తిరిగింది. "అది వట్టిపోయిందంటివి గద!"

అతను తలదించుకున్నాడు. "వట్టిపోలె. నీ చెయ్యి తాకితెనే చేపి పాలిచ్చేది. నేను కూసుంటె తన్నేది. నీకు జెప్తె ఆ చెయ్యితోనే పోయి కూసుంటవని జెప్పలె."

"తన్నిందా? ఏడ తాకింది?"

"మోకాలికి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. దాచుకున్న చెయ్యి తీసి, వంగని వేళ్లతోనే అతని మోకాలు తడిమింది. హారిక ఆ వరుస కొట్టేసి, అతను చెప్పినవన్నీ రాసి, పైకి చదివి వినిపించింది.

"ఇంకోపాలి సదువు బిడ్డా" అంది సమ్మమ్మ. తన పనంతా ఒక్కచోట పేర్చి ఎవరైనా చెప్పగా ఆమె వినడం అదే మొదలు.

విచారణ అయ్యి, నాలుగు నెలలకు డబ్బు ఆమె పేరున్న ఖాతాలోనే పడింది. పుస్తెలతాడు చేయిస్తానన్నాడు రాజమౌళి. పసుపుతాడు చాలు, ముందు చెయ్యి బాగుపడాలంది సమ్మమ్మ. వరంగల్‌లో ఆపరేషన్ అయ్యింది. రెండు వేళ్లు కదిలాయి, మూడోది మొండికేసింది. డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజుకు వందసార్లు ఒత్తమంది.

నొప్పికి విసిగి ఆమె రెండు రోజులకే దాన్ని మూలకు విసిరేసింది. మర్నాడు రాజమౌళి అంగట్లో ఇంకో బంతి కొనుక్కొచ్చి, అన్నం తిన్నాక ఆమె ఎదురుగా కూర్చుని ఒత్తసాగాడు.

"నీ చెయ్యి మంచిగనే ఉన్నది గదనయ్యా, నీకెందుకు?"

"ఒక్కదానివే ఏం ఒత్తుతవ్" అన్నాడు అతను, మూలనున్న బంతిని ఆమెవైపు దొర్లిస్తూ.

సమ్మమ్మ పళ్లు బిగబట్టి ఒత్తింది. అతనూ ఒత్తాడు.