తలుపు తట్టే కర్ర

వ్యాను రెండుసార్లు హారన్ కొట్టింది. మూడోసారి కొట్టదు. స్వర్ణ చంటిదాన్ని అత్త ఒళ్ళో పెట్టి, సగం అల్లిన జడతోనే పరుగెత్తి ఎక్కింది. బిడ్డకు పాలివ్వడం మళ్ళీ పొద్దుగూకాకే.

నాలుగు నెలల కిందటి దాకా ఈ వ్యాను లేదు. పాలెం ఆడవాళ్ళు పద్నాలుగు మంది రొయ్యల షెడ్డుకు కట్ట మీద నడిచే పోయేవాళ్ళు. అందరికంటే ముందు ఆదిశేషమ్మ. పాములకని పట్టుకున్న కర్రతో ఇంటింటి తలుపూ తట్టేది. లోపలి మనిషి పలికేదాకా కదిలేది కాదు. ఒక తెల్లారి స్వర్ణ పలకలేదు. మొగుడు చేపల వేటకు పోయాడు, అత్త ఊళ్ళో లేదు. పురిటి నొప్పులతో నేల మీద పడివున్న మనిషిని చూసి నలుగురినీ కేకేసింది ఆదిశేషమ్మే.

వ్యాను వచ్చాక కాళ్ళకు సుఖమే. ఎక్కగానే అందరూ కునుకు తీస్తారు.

కిటికీ పక్క ఆదిశేషమ్మ సీటు ఖాళీగా కనబడింది స్వర్ణకు.

"పెద్దమ్మ రాలేదా?"

"నిన్న కూడా రాలా," అంది మహాలక్ష్మి కళ్ళు తెరవకుండానే.

"మొన్న?"

మొన్న ఆ సీటు చూసినవాళ్ళు లేరు.

"కూతురింటికి పోయుంటాది లేమే," అంది వెనక సీటులోంచి ఒకామె.

"ఆమె చెప్పకుండా పోద్దా? తుమ్మొచ్చినా పాలెమంతా చాటే మనిషి. ఎవురన్నా తలుపు తట్టినారా?"

"హారన్ కొట్నాడు గదా," అంది మహాలక్ష్మి. అన్నాక కళ్ళు తెరిచింది.

స్వర్ణ లేచి నిలబడింది. "ఆపన్నా."

డ్రైవరు విజయభాస్కర్ అద్దంలో చూశాడు. "ఇప్పుడు దిగితే రేపట్నుంచి పనిలో నీ పేరుండదు మా. షెడ్డు మేస్త్రి మాట, నాది కాదు."

సముద్రంలో వేట నిషేధం రోజులు. మొగుడు ఇంట్లో వల బాగుచేసుకుంటున్నాడు. పొయ్యి వెలిగేది ఆమె చేతుల మీదనే.

"తెలుసన్నా. ఆపు."

కట్ట మీద వెనక్కి నడిచింది. నాలుగు నెలలకే దారిలో ముళ్ళు మొలిచాయి. పాలెం చివర ఆదిశేషమ్మ ఒక్కతే ఉండే ఇల్లు. తలుపుకు లోపల గడియ వేసుంది. గోడకు ఆనించిన కర్రకు సాలెగూడు పట్టింది.

స్వర్ణ కర్ర అందుకుని తట్టింది.

"పెద్దమ్మా."

పలకలేదు.

వెనక చెప్పుల చప్పుడు. మహాలక్ష్మి రొప్పుతూ వచ్చి నిలబడింది. కట్ట మీద వ్యాను హారన్ కొట్టింది, రెండుసార్లు. ఇద్దరూ అటు తిరగలేదు.

"మళ్ళా తట్టుమే," అంది మహాలక్ష్మి.