బాబాయి చూపు

లేజర్‌తో ఇనుప రేకులు కోసే ఆ కర్మాగారంలో ఆమె పని తుడవడం. విన్నవాళ్ళు చీపురు పని అనుకునేవారు. యంత్రంలో వెలుగును మోసుకొచ్చే ఫైబర్ కేబుల్ కొస మీదా, దాని ముందుండే గాజు బిళ్ళల మీదా కంటికి ఆననంత నలుసు మిగిలినా చాలు, అది వేడికి మాడి గాజును కాల్చేస్తుంది. ఆ నలుసుల్ని వెతికి పట్టేది కాబట్టి అందరూ ఆమెను నలుసమ్మ అనేవారు.

ఆమెను అక్కడ చేర్చిందీ, పని నేర్పిందీ సొంత బాబాయే. కాగితాన్ని స్పిరిట్‌తో తడిపి ఒకే వైపు, ఒక్కసారే లాగాలనీ, వెనక్కి రుద్దితే తీసిన దుమ్మును తెచ్చి పెట్టినట్టేననీ, మైక్రోస్కోపులో చూడకుండా కేబుల్ బిగించకూడదనీ వందసార్లు చెప్పి ఉంటాడు.

ఏడాదిగా ఆయన చూపు మందగించింది. మైక్రోస్కోపులో కన్ను పెట్టి బాగానే ఉందనేవాడు. ఆమె చూస్తే మచ్చలుండేవి. ఎవరికీ చెప్పలేదు. ఆయన టీకి వెళ్ళగానే మళ్ళీ తుడిచేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

పంటి నొప్పితో ఆమె ఒకరోజు సెలవు పెట్టింది. ఆ రోజే ఆయన పెద్ద యంత్రానికి కేబుల్ మార్చాడు. మర్నాడు ఉదయం యంత్రం ఆగిపోయింది. విప్పి చూస్తే కేబుల్ కొస బొగ్గయి ఉంది. సెలవుకు ముందు రోజే దాన్ని ఆమె తుడిచి, చూసి, మూత పెట్టినట్టు రిజిస్టర్‌లో ఉంది. ఆమె దాన్ని ముట్టనే లేదు. రాత బాబాయిది, పేరు ఆమెది.

మేనేజర్ పిలిచేసరికి బాబాయి అక్కడే ఉన్నాడు. పిల్లకు ఈ మధ్య ధ్యాస తగ్గిందనీ, శుభ్రంగా ఉందని నమ్మి తాను బిగించాననీ తలొంచుకుని చెప్పాడు. పరాయివాడెవడైనా ఆ మాట అని ఉంటే ఆమె అక్కడే కడిగేసేది. ఆయన నోట వినేసరికి, మేనేజర్ ముందున్న రిజిస్టర్‌లో తన పేరునే చూస్తూ నిలబడింది. సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వమన్నాడు మేనేజర్.

బట్టలు మార్చుకునే గదిలో బాబాయి ఒక్కడే దొరికాడు.

"నా పేరెందుకు రాశావు బాబాయ్?"

ఆయన బుకాయించలేదు. "నీకింకా వయసుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట పని దొరుకుతుంది. చూపు పోయిందని తెలిస్తే నన్నెవరు పెట్టుకుంటారు?"

"నాతో ఒక్క మాట అనాల్సింది."

"నువ్వు కాదనవన్న ధైర్యంతోనే రాశానమ్మా."

అమ్మా అని పిలిచినందుకే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. తాను గుట్టుగా చేసిందంతా ఆయనకు అలుసుగా మిగిలింది. వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసింది. ఏడాదిగా తాను దాచిన సంగతీ రాసింది.

మర్నాడు మేనేజర్ కాలిన కొసనూ, కొత్తదాన్నీ ఒకదాని తర్వాత ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి, కాలింది ఏదో చెప్పమని బాబాయిని అడిగాడు. ఆయన చాలాసేపు వంగి చూశాడు. చివరికి, కనబడటం లేదండీ అన్నాడు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది.

ఆయనను సరుకుల గదికి మార్చారు. దాచినందుకు ఆమెకు హెచ్చరిక కాగితం ఇచ్చారు.

ఆదివారం పిన్ని వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. ఇంట్లో మాట బజారున పెట్టావు కదే అంది.

"ముందు పెట్టింది ఆయనే పిన్నీ. నా పేరుతో పెట్టాడు."

పిన్ని కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. అన్ని రోజులూ రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.