పరాయి చేతి చల్లగాలి

కిందటి వేసవిలో మర్లీన్ కీహో పశువుల లోడుతో వస్తూ వడదెబ్బ తగిలి స్టీరింగు మీదే వాలిపోయింది. పక్క సీట్లో ఉన్న మొగుడు వెర్న్ చెయ్యి చాపి పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే వాళ్ళిద్దరూ, వెనక మూడు ట్రైలర్ల నిండా ఉన్న ఎడ్లూ ఆ రోజే రోడ్డు పక్కన బోల్తా పడేవారు. మా క్లాన్‌కరీ ఆస్పత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఒకసారి వడదెబ్బ తగిలిన ఒంటికి రెండోసారి తగలడం తేలికని, ఏసీ లేని బండి ఇక ఎక్కొద్దని.

అందుకని పెళ్ళయిన పాతికేళ్ళకి మొదటిసారి కొత్త ట్రక్కు కొన్నారు. అంతకుముందు వాళ్ళు తోలినవన్నీ ఇంకొకరు తోలి వదిలేసినవే. ఈ బండి రంగు మర్లీనే ఎంచుకుంది, ముదురు ఆకుపచ్చ. మొదటి నెల ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, ఆమె మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని తోలేది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం అది ఉన్నట్టుండి వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. కాసేపటికి దానంతటదే మళ్ళీ చల్లబడింది. మర్నాడు మళ్ళీ అదే తంతు.

వారంటీ ఉంది కాబట్టి మర్లీన్ మౌంట్ ఐసాలో బండి అమ్మినవాళ్ళకి ఫోన్ చేసింది. వాళ్ళు మెకానిక్ రోరీ ట్రెస్కాట్‌ని పంపారు.

రోరీకి నలభై దాటి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. పెళ్ళాంతో విడిపోయి ఒంటరిగా ఉంటున్నాడు. మనిషి ఊరికే ఉండడు, పనిచేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. అతను వచ్చి ఇంజను ఆన్ చెయ్యగానే ఏసీ బుద్ధిగా చల్లగాలి ఊదింది.

"చూశావా మర్లీన్, నా చెయ్యి తగిలితే చాలు, గడగడ వణుకుతోంది. దీనికి నేనంటే భయం," అన్నాడు.

మర్లీన్ పకపకా నవ్వింది. ఆమెకి ముందు పళ్ళలో ఒకటి వంకర. పెళ్ళికి ముందునుంచీ నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు పెట్టుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న వెర్న్ అది చూశాడు.

రెండోసారి రోరీ వచ్చినప్పుడు గ్యాసు నింపాడు, ఒక వాల్వు మార్చాడు. మర్లీన్ ఖర్జూరాలు వేసి స్కోన్లు, అంటే టీలోకి తినే మెత్తటి చిన్న రొట్టెలు, చేసి పెట్టింది. అతను తిని, ఇంకోటి అడిగి తిని, పోతూ పోతూ రెండు జేబులో వేసుకుని వెళ్ళాడు. బండి కనుమరుగయ్యాక వెర్న్ అడిగాడు.

"నాకెప్పుడూ కొట్టు బిస్కట్లేగా?"

"నువ్వెప్పుడన్నా అడిగావా?"

"వాడడిగాడా?"

"వాడు తిని బాగున్నాయన్నాడు వెర్న్. నువ్వు పాతికేళ్ళుగా తింటూ పేపరు చదువుకుంటున్నావు. నీ ముందు ఏం పెడుతున్నానో నీకు తెలుసా అసలు?"

అసూయ అంటే ఏంటో వెర్న్‌కి అంతవరకూ తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు. మా వైపు మైదానాల్లో రోజంతా తోలినా ఒక మనిషి ఎదురుపడడు, ఇక పెళ్ళాన్ని చూసి నవ్వే మగాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? అందుకే అది యాభై ఐదేళ్ళ వయసులో వచ్చేసరికి, చిన్నప్పుడు రాని తట్టు పెద్దయ్యాక వచ్చినట్టు, మనిషిని నిలువునా కాల్చేసింది. రోరీ వస్తున్నాడంటే మర్లీన్ తల దువ్వుకుందా లేదా అని చూసేవాడు. దువ్వుకుంటే అతని కోసమేనని మండేవాడు. దువ్వుకోకపోతే, తల కూడా దువ్వుకోనక్కర్లేనంత చనువు ఏర్పడిందా అని ఇంకా మండేవాడు. పబ్బులో జనం ఊరుకుంటారా?

"ఏం వెర్న్, మీ ఏసీకి జబ్బు ముదిరిందటగా? డాక్టరు ఇంటికే వచ్చి చూసిపోతున్నాడంట!"

"ఏసీనేనా, ఇంకెవర్నైనా కూడానా చూసేది?"

వెర్న్ బీరు సగంలో వదిలేసి వచ్చేశాడు.

మూడోసారి వచ్చినప్పుడు రోరీ ముఖం కాస్త గంభీరంగా పెట్టాడు. "కంప్రెసర్‌లోనే ఉంది లోపం. వేడెక్కితే పట్టు వదిలేస్తోంది. కొత్తదానికి ఆర్డరు పెట్టాను, ఓడలో రావాలి. అందాకా ఏసీ పోయినప్పుడల్లా ఆపి నాకు ఫోన్ చెయ్యండి. ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు. ముఖ్యంగా ఈ గొట్టం బిగింపులు, ఇవి అల్యూమినియంవి. కొంచెం ఎక్కువ బిగిస్తే చీలిపోతాయి. వారంటీ కూడా పోతుంది."

"నా బండి నేను ముట్టుకోకూడదా?" అన్నాడు వెర్న్.

"వారంటీ ఉన్నన్నాళ్ళూ సగం కంపెనీదే గురూ."

రోరీ నవ్వుతూనే అన్నాడు. వెర్న్ చెవికి మాత్రం అది, నీ ఇంట్లో సగం నాదే అన్నట్టు వినిపించింది.

తర్వాతి ఆదివారం ఏసీ మళ్ళీ మొండికేసింది. మర్లీన్ ఫోను అందుకోబోయింది.

"ఆగు. నేను చూస్తా."

"నువ్వు ముట్టుకోకు వెర్న్. వాడేం చెప్పాడో విన్నావుగా."

"ఆదివారం పూట కూడా వాణ్ణి చూడకపోతే తోచదా నీకు?"

మర్లీన్ అతని వైపు ఒక చూపు చూసి చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే వెర్న్ స్పానరు తీసుకుని ఇంజను దగ్గరికి వెళ్ళాడు. రోరీ వద్దన్న బిగింపులే ముందు కనిపించాయి. నలభై ఏళ్ళుగా నట్లు బిగిస్తున్న చెయ్యి అది. ఒక్కోటీ గట్టిగా బిగించాడు. ఇంజను ఆన్ చేశాడు. చల్లగాలి జివ్వుమని వచ్చింది.

అది ఎప్పటిలాగే దానంతటది వచ్చిందన్న సంగతి వెర్న్‌కి తట్టలేదు. మర్లీన్ ఇంటికి రాగానే చెయ్యి పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కించాడు.

"చూడు! మూడుసార్లు వచ్చి నీ రోరీ చెయ్యలేనిది!"

"నా రోరీ ఏంటి? ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు. దుమ్ము దులిపాను అంతే."

అబద్ధమని ఆమెకి అనుమానం వచ్చిందో లేదో గానీ ఇంకేమీ అడగలేదు.

ఆ వారంలో నార్మన్‌టన్ అవతల పశువుల్ని పెంచే ఒక పెద్ద స్టేషన్ నుంచి లోడు తగిలింది. వెళ్ళేటప్పుడు వెర్న్ తోలాడు. ఎడ్లని ఎక్కించాక మర్లీన్ స్టీరింగు తీసుకుంది, వెర్న్ సీటు వెనక పడకలో ఒరిగి నిద్రపోయాడు. మా వైపు నవంబరంటే ఎండాకాలమే, పైగా మధ్యాహ్నం. మెలకువ వచ్చేసరికి ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది. కిటికీలు తెరిచి ఉన్నాయి. బయటినుంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది.

"ఏసీ పోయిందా? ఎప్పుడు?"

"ఇందాకే... చాలాసేపే అయింది. నువ్వు అలిసిపోయావని లేపలేదు. ఆపితే గాలాడక ఎడ్లు చస్తాయి." ఆమె మాట ముద్దగా వచ్చింది.

వెర్న్ ముందుకి వంగి ఆమె మెడ మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది. ఒక్క చుక్క చెమట లేదు. కిందటి వేసవిలో కూడా ఒళ్ళు ఇలాగే కాలింది.

బండి ఆపించి ఆమెని పక్క సీట్లోకి జరిపాడు. ఉన్న మంచినీళ్ళు కొన్ని తాగించి, కొన్ని తలమీద పోసి, తను స్టీరింగు తీసుకున్నాడు. కాస్త దూరంలో, డీజిలూ భోజనమూ దొరికే రోడ్‌హౌస్ ఉంది. దారిలో ఆమె ఏవో పేర్లు పలికింది. ఒకటి చనిపోయిన వాళ్ళమ్మ పేరు. మిగతావి అర్థం కాలేదు. అర్థం కానివాటిలో రోరీ పేరుందేమోనని అతను చెవి రిక్కించాడు. ఆ క్షణంలో కూడా.

రోడ్‌హౌస్ ముందు రోరీ తెల్ల యూట్, వెనక తొట్టె ఉన్న చిన్న బండి, ఆగి ఉంది. అది చూడగానే వెర్న్ గుండెలో మొదట పుట్టింది భయం తీరిన నిట్టూర్పు కాదు. వీడిక్కడికెలా వచ్చాడు, ఈమే పిలిచిందా అన్న మంట.

రోరీ పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. ఇద్దరూ కలిసి లోపలికి మోసుకెళ్ళారు. రోడ్‌హౌస్ నడిపే గ్వెన్ దుప్పట్లు తడిపి చుట్టింది, మంచు సంచులు చంకల్లో పెట్టింది, ఆస్పత్రికి ఫోన్ చేసి నర్సుతో మాట్లాడింది.

"చల్లటి బండిలో వెంటనే తీసుకురమ్మంటున్నారు. అంబులెన్సు ఇక్కడిదాకా వచ్చి వెళ్ళేసరికి ఆలస్యమవుతుందట."

"నువ్విక్కడెందుకున్నావు?" అన్నాడు వెర్న్, రోరీతో.

"మర్లీన్ పొద్దున్న ఫోన్ చేసి చెప్పింది. నువ్వేదో దులిపితే బాగైందట, తనకి నమ్మకం కుదరట్లేదంది. ఈ వైపు గనిలో పనుంటే అది చూసుకుని, మీకోసం ఆగాను."

వెర్న్ చెయ్యి చాపాడు. "తాళాలివ్వు. నీ బండిలో నేను తీసుకెళ్తా. నువ్వు ట్రక్కు తీసుకురా."

"మూడు ట్రైలర్ల బండి తోలే లైసెన్సు నాకు లేదు గురూ. లైసెన్సు సంగతి అలా ఉంచు, నాకు చేతకాదు. గేటు దాటేలోపు పడేస్తాను."

బయట ట్రైలర్లలో ఎడ్లు నాలుకలు వేలాడేసి రొప్పుతున్నాయి. గ్వెన్ గదమాయించింది. "ఏంటయ్యా చూస్తున్నావు? ఆమెని పంపు, వాటిని తోలు. ఇంకో దారి లేదు."

వెర్న్ పెళ్ళాన్ని తన చేతులతో ఎత్తి రోరీ బండిలో పడుకోబెట్టాడు. లోపలి గాలి అతని ముఖానికి చల్లగా తగిలింది. రోరీ వంగి ఆమె మీదుగా బెల్టు పెట్టాడు, తడిగుడ్డ నుదుటి మీద సర్దాడు. వెర్న్ అది చూస్తూ నిలబడ్డాడు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

బయలుదేరేముందు ఇంజను మూత ఎత్తి చూశాడు. ఆదివారం తను బిగించిన చోట గొట్టం సన్నగా చీలి, చుట్టూ నూనె మరక కట్టింది. మూత వేసేశాడు.

ఆ సాయంత్రం దాకా వెర్న్ ఒంటరిగా తోలాడు. వేడిగాలి ముఖాన కొడుతుంటే కళ్ళు మంటలెక్కాయి. చర్చి ముఖం చూడని మనిషి, ఆమె బతకాలని దేవుడికి మొక్కాడు. కళ్ళు తెరవగానే ముందు తన ముఖమే చూడాలని కూడా మొక్కాడు. అలా మొక్కినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మొక్కు వెనక్కి తీసుకోలేదు.

క్లాన్‌కరీలో పశువుల యార్డులో ఎడ్లని దించి ఆస్పత్రికి పరిగెత్తాడు. వరండాలో బెంచీ మీద రోరీ కూర్చుని ఉన్నాడు.

"పర్వాలేదు. గండం గడిచింది. ఇందాకే కళ్ళు తెరిచింది."

"నువ్వు లోపలే ఉన్నావా అప్పుడు?"

"ఉన్నాను."

"ఏమంది?"

"ఎడ్లెలా ఉన్నాయంది."

"నా గురించి అడగలేదా?"

"ఎడ్లతో ఉన్నది నువ్వేగా."

వెర్న్ అతని పక్కన కూర్చున్నాడు. "ఆ గొట్టం మీద స్పానరు పెట్టింది నేనే," అన్నాడు.

"తెలుసు. గ్వెన్ ఆమెకి దుప్పట్లు చుడుతున్నప్పుడు చూశాను. ఎందుకు పెట్టావు?"

"నువ్వు రాకూడదని."

రోరీ నవ్వలేదు. "నేను చూసింది చూసినట్టే కంపెనీకి రాస్తాను వెర్న్. గొట్టం నువ్వు నీ ఖర్చుతో వేయించుకోవాల్సిందే. కంప్రెసర్ తప్పు మొదటినుంచీ వాళ్ళదే, దాన్ని మార్చకుండా తప్పించుకోలేరు. అది నేను చూసుకుంటా," అని లేచి వెళ్ళిపోయాడు.

లోపల మర్లీన్ చేతికి సెలైన్ ఎక్కుతోంది. వెర్న్ మంచం పక్కన నిలబడి అంతా చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"రెండు స్కోన్ల కోసం నన్ను చంపేసేవాడివి," అంది.

"మర్లీన్..."

"వెళ్ళు. ఇంటికి పో. నీ ముఖం చూడాలని లేదు నాకు."

ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. వెర్న్ వంట చేశాడు, బట్టలుతికాడు, ఆమె ముందు పళ్ళెం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. క్షమించమని మాత్రం రెండోసారి అడగలేదు. మొదటిసారి అడిగినప్పుడు ఆమె గదిలోంచి లేచి వెళ్ళిపోయింది.

చివరికి ఓడ వచ్చింది, కంప్రెసర్ వచ్చింది. రోరీ దాన్ని బిగించడానికి వచ్చినప్పుడు మర్లీన్ ఇంట్లోనే ఉండిపోయింది. వెర్న్ పక్కన నిలబడి టార్చి పట్టాడు. పని పూర్తయి, రోరీ చేతులు తుడుచుకుంటున్నప్పుడు వెర్న్ ఇన్నాళ్ళూ మింగినది కక్కేశాడు.

"ఒక్క మాట అడుగుతా. నా పెళ్ళామంటే నీకిష్టమా?"

రోరీ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇష్టమే," అన్నాడు. "తనతో ఏమీ అనలేదు, అనను. నా బతుకులో మంచిమాట మాట్లాడే మనిషి తక్కువ. అడిగావు కాబట్టి చెప్పాను. కొట్టాలనిపిస్తే కొట్టు."

వెర్న్‌కి కొట్టాలనే ఉంది. పిడికిలి బిగిసింది కూడా. కానీ ఆ మనిషి ముఖంలో భయం గానీ పొగరు గానీ లేవు. ఎండలో ఒంటరిగా ఇంత దూరం వచ్చి, ఒంటరిగా తిరిగిపోయేవాడి అలసటే ఉంది. వెర్న్ టార్చి ఆర్పేశాడు.

"టీ తాగి వెళ్ళు," అన్నాడు. రోరీ తల అడ్డంగా ఊపి బండెక్కాడు.

తర్వాతి వారం భార్యాభర్తలు మళ్ళీ ఉత్తరానికి బయలుదేరారు. మర్లీన్ తోలుతోంది. క్యాబిన్ చల్లగా ఉంది. చాలా దూరం వెళ్ళాక ఆమే అడిగింది.

"ఆ రోజు వాడితో ఏం మాట్లాడావు?"

దాచాలనిపించింది వెర్న్‌కి. దాచలేదు. అడిగిందీ, వాడన్నదీ చెప్పాడు.

మర్లీన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నాకు తెలుసు," అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆడదానికి తెలియదా?"

"మరి నీకు..."

"ఆ మాట పూర్తిచేశావంటే ఇక్కడే దింపేస్తా వెర్న్. డింగో కుక్కలతో మాట్లాడుకుంటూ నడిచి వద్దువుగాని."

వెర్న్ నోరు మూసుకున్నాడు. లోపల ముల్లు కదులుతూనే ఉంది. అది ఇక పోదని అతనికి అప్పుడే అర్థమైంది. ఎదురుగా రోడ్డు ఎర్రటి నేల మీద ఆ చివరిదాకా తిన్నగా పడి ఉంది. కాసేపయ్యాక మర్లీన్ చెయ్యి చాపి, "దాహమేస్తోంది, ఆ నీళ్ళ సీసా ఇటివ్వు," అంది. అతను మూత తీసి ఇచ్చాడు.